మల్లన్న మోసిన గాజుబుడ్డి

మల్లన్న జేబులో తాళంచెవి ఉండేది కాదు. చేతికి గడియారం గానీ, నడుముకు బెల్టు గానీ ఉండేవి కావు. బొందు బిగించి కట్టుకునే పైజామా, ప్లాస్టిక్ బొత్తాల చొక్కా, రబ్బరు చెప్పులు. పెళ్ళికైనా చావుకైనా అదే వేషం. ఇంటి తాళంచెవి కూడా మొగుడికి ఇవ్వవా అని శాలిబండలో వాడకట్టు ఆడవాళ్ళు అతని భార్య నాగమణమ్మను ఆటపట్టించేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఇనుముతో మల్లన్నకు పగ ఏమీ లేదు, అతను చేసే కొలువే అలాంటిది.

బహదూర్‌పురాలో, జూపార్కుకు పోయే దారిలో, ఒక ట్రస్టు ఆసుపత్రి ఉండేది. అక్కడ ఎమ్మారై స్కానింగ్ గది తలుపు దగ్గర మల్లన్నకొక చెక్క కుర్చీ. లోపల యంత్రం పేరుకు యంత్రమే గానీ అసలుకది ఒక పెద్ద అయస్కాంతం. దాని దగ్గరికి ఇనుప ముక్క ఏది పోయినా తుపాకీ గుండులా ఎగిరి వెళ్ళి అతుక్కుంటుంది. అందుకని లోపలికి పోయే ప్రతి మనిషినీ మల్లన్న తనిఖీ చేసేవాడు. జడపిన్నులు, కొంగు పిన్నీసులు, జేబులో చిల్లర, ముసలాళ్ళ పొగాకు డబ్బాలు, అన్నీ తీయించి డబ్బాలో వేయించేవాడు. ట్రస్టు పెద్దమనిషి వచ్చినా వదిలేవాడు కాదు. తెల్లకోటు లేకపోయినా ఆ డబ్బా పుణ్యమా అని అతనికి బాగానే గౌరవం దొరికింది. ఆసుపత్రిలో అందరూ అతన్ని తలాషీ మల్లన్న అనేవారు, ఆ పేరు అతనికీ నచ్చింది.

అతని అసలు పని వేరే ఉంది. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో సుచరిత మేడం ప్రయోగశాల. ఆమెది తెనాలి వైపు. భౌతికశాస్త్రం చదివి, పై దేశాల్లో పనిచేసి వచ్చి, ఊపిరితిత్తుల మీద పడింది. ఎమ్మారై యంత్రం మెదడును చూపిస్తుంది, మోకాలును చూపిస్తుంది, ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి గుడ్డిదవుతుంది. అది చూసేది ఒంట్లో నీటిని. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలి. గాలి అందులో ఒట్టి నలుపుగా కనిపిస్తుంది. రోగి చేత ఒక రకం హీలియం గ్యాసు పీల్పించి, ఆ గ్యాసే వెలుగుతూ యంత్రానికి కనిపించేలా చేయాలని సుచరిత పట్టు. గాలిబుడగల్లో నింపే హీలియం కాదది, దాని తోబుట్టువు, చాలా అరుదైనది.

మామూలుగా ఆ గ్యాసుకూ యంత్రానికి వినపడేంత గొంతు ఉండదు. అందులోని అణువు ప్రతిదీ ఒక చిన్న అయస్కాంతమేనట. ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగి ఉండటం వల్ల ఒకదాని బలాన్ని ఇంకొకటి మింగేస్తుంది. గాజుబుడ్డిలో ఆ గ్యాసుతోపాటు రుబీడియం అనే లోహం చుక్కంత వేసి, వేడి చేసి, గంటల తరబడి లేజర్ కాంతి పట్టిస్తే అవి చాలావరకు ఒకే దిక్కుకు తిరుగుతాయి. అప్పుడు గ్యాసు గొంతు వేల రెట్లు పెరుగుతుంది. సుచరిత ఇదంతా చెప్పినప్పుడు మల్లన్నకు మక్కా మసీదు గుర్తొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం చార్మినార్ దగ్గర ఎవరి బేరంలో వాళ్ళు, ఎవరి లొల్లిలో వాళ్ళు ఉంటారు. కాసేపటికి మసీదు వాకిట్లో అంతమందీ వరసలు కట్టి ఒకే దిక్కుకు తిరుగుతారు. అదేనా మేడం అని అడిగితే అచ్చంగా అదే అందామె.

ఆ వరసలు ఎక్కువసేపు నిలవవు. లేజర్ ఆపిన దగ్గర్నుంచి మెల్లగా చెదురుతాయి. పెద్ద యంత్రం అంతటా ఒకే తీరుగా లాగుతుంది గనుక వాటినేమీ చేయదు, దగ్గర్లో చిన్న ఇనుప ముక్క ఉంటే మాత్రం అది ఎగుడుదిగుడుగా లాగి క్షణాల్లో చెదరగొడుతుంది. అందుకని సుచరిత షెడ్డు నుంచి స్కానింగ్ గదిదాకా ఉన్న దారిలో ఇనుప గేటు పీకించి చెక్క తలుపు పెట్టించింది, మేకులన్నీ ఊడబీకించింది. ఆ దారిలో గాజుబుడ్డిని ఉన్నిగుడ్డలో చుట్టి, రెండు అరచేతుల్లో పెట్టుకుని, కుదుపు లేకుండా మోసుకురావడం మల్లన్న పని. పురిటి బిడ్డను తెచ్చినట్టు తెచ్చి, గది తలుపు దగ్గర ఆమె చేతికి ఇచ్చేవాడు. తెర మీద రోగి ఊపిరితిత్తులు తెల్లగా, పత్తి విచ్చినట్టు వెలిగేవి. అందులో తన చేతి పని కూడా ఉందని అతను లోలోపల పొంగిపోయేవాడు. ఎవరితోనూ అనేవాడు కాదు.

అలాంటి మనిషి ఇంట్లోనే పిల్లకు ఊపిరాడటం మానేసింది.

పిల్ల పేరు సోనీ. మల్లన్నకు ఒక్కతే. పది పాసై, ఇంటర్ మధ్యలో ఆపేసి, లాడ్ బజార్ వెనక సందులో లక్క గాజుల కార్ఖానాలో చేరింది. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క కరిగించి, రంగుపొడి కలిపి, వేడివేడిగా కడ్డీ సాగదీసి గాజు చుట్టాలి. కిటికీ లేని గది. ముందు దగ్గు వచ్చింది, అది అందరికీ ఉన్నదే. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. తర్వాత కూర్చున్నచోటే ఆయాసం.

మల్లన్న తన ఆసుపత్రికే తీసుకెళ్ళాడు. ఛాతీ డాక్టరు వంశీధర్ ఎక్స్‌రే తీయించాడు, శుభ్రంగా ఉంది. సీటీ తీయించాడు, గట్టిగా చెప్పదగ్గది ఏమీ లేదన్నాడు. గొట్టంలోకి బలంగా ఊదమంటే దగ్గు తెరలొచ్చి సోనీ ఊదలేకపోయింది, పిల్ల సహకరించడం లేదన్నారు. వంశీధర్ చెడ్డవాడేం కాదు. మంచివాడే, తొందర ఎక్కువ. మనసుకు సంబంధించింది అయ్యుంటుంది, ఈ వయసు పిల్లల్లో మామూలే, పనిలో పెట్టండి, అదే తగ్గుతుంది అన్నాడు. పిల్ల ఏం పనిచేస్తుందో అడగలేదు.

ఆ మాట వాడకట్టులోకి పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. పని ఎగ్గొట్టడానికి నాటకమన్నారు. సినిమాల పిచ్చన్నారు. అన్నవాళ్ళు అన్నారు, అసలు సంగతి చెప్పాలి. మల్లన్న కూడా నమ్మలేదు. యంత్రాలను రోజూ చూసే మనిషి, యంత్రం ఏమీ లేదంటే ఏమీ లేదనే అనుకున్నాడు. ఒక పొద్దున సోనీ చాప మీంచి లేవలేక గోడకు ఆనుకుని రొప్పుతుంటే అతని ఓపిక చచ్చిపోయింది.

“డాక్టర్ సాబ్ ఏం లేదన్నడు. నువ్వు ఆయనకంటే ఎక్కువ సదివినవా? లే. పనికి నడువు,” అన్నాడు.

సోనీ లేచి ముఖం కడుక్కుంది. మల్లన్న తనే చెయ్యి పట్టుకుని కార్ఖానాదాకా నడిపించుకెళ్ళాడు, మధ్యలో పిల్ల నాలుగైదుచోట్ల ఆగింది, ఆగిన ప్రతిసారీ విసుక్కున్నాడు. ఆ రోజనే కాదు, ఆ వానాకాలమంతా అలాగే దిగబెట్టి డ్యూటీకి పోయాడు.

చలి మొదలైన రోజుల్లో కార్ఖానాలో తోటి కూలి రుక్మాబాయి పిల్లను ఆటోలో పడేసుకుని ఆసుపత్రికి తెచ్చింది. సోనీ పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తేలేసింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టాక మనిషైంది గానీ మల్లన్న మటుకు ఆ రోజు నుంచి మనిషి కాలేకపోయాడు. పెదాల నీలాన్ని ఎవరూ నటించలేరు కదా. అయినా మర్నాడు వంశీధర్ మళ్ళీ అదే పాట పాడాడు. భయంతో ఊపిరి బిగబట్టినా అలా అవుతుందన్నాడు. మందు ఒకటుంది, కానీ అది ఎముకల్ని తినే మందు, జబ్బు ఉందని రుజువు లేకుండా పదిహేడేళ్ళ పిల్లకు ఎలా మొదలుపెట్టను అన్నాడు.

రుజువు. మల్లన్న నేరుగా షెడ్డుకు పోయి సుచరిత కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నా బిడ్డకు ఆ గ్యాసు పీల్పించండి మేడం అని అడిగాడు.

అడగడానికి అంతకంటే చెడ్డ కాలం లేదు. అది 2009. పై దేశంలో ఆ గ్యాసుకు కరువొచ్చి అమ్మడం ఆపేశారు. షెడ్డులో ప్రయోగాలు ఆగిపోయి నెలలైంది. సీసాలో మిగిలింది ఒక బుడ్డికి సరిపడా, ఆ పైన ఇంకో సగం. సుచరిత సీసా దగ్గరికి పోయి ముల్లు ఎంతమీద ఉందో చూసుకుంది. తర్వాత వంశీధర్‌ను ఒప్పించే పని తనదంది. ఒప్పించింది కూడా.

ఇక్కడ నాగమణమ్మ గురించి చెప్పాలి. మొగుడు యంత్రాల చుట్టూ తిరుగుతుంటే ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హుస్సేనీ ఆలంలో పంచాంగం చూసే అయ్యగారి దగ్గరికి పోయింది. తండ్రికి ఏలినాటి శని నడుస్తోంది, ఆ బరువు బిడ్డ మీద పడుతోందని ఆయన చెప్పాడు. నల్లగుర్రం తొక్కి అరగదీసిన లాడంతో, నిప్పు తగలనీయకుండా, శనివారం నాడు చల్లగా కొట్టించిన ఉంగరం తండ్రి నడిమి వేలికి పెట్టుకోవాలి. పిల్ల ఊపిరి కుదుటపడేదాకా తీయకూడదు. తీస్తే శని తండ్రిని వదిలి తిన్నగా పిల్లను పట్టుకుంటాడు. పెళ్ళి బరాత్‌ల గుర్రాలకు లాడాలు కొట్టే సాయిబు దగ్గర ఆమె బతిమాలి ఉంగరం కొట్టించుకొచ్చింది.

మల్లన్న మొదటి రోజు డ్యూటీకి పోతూ దాన్ని తీసి గూట్లో పెట్టాడు. ఆ సాయంత్రమే సోనీకి మళ్ళీ పెదాలు నీలమయ్యాయి. నాగమణమ్మ ఏడుస్తూ ఉంగరం తెచ్చి అతని వేలికి తొడిగింది. ఆ తర్వాత దాన్ని తీసే ధైర్యం అతనికి లేకపోయింది. గాజుబుడ్డి మోసే పని ఎలాగూ ఆగిపోయింది. స్కానింగ్ గది తలుపు దగ్గర ఆ చేతిని వీపు వెనక పెట్టుకుని, రెండో చేత్తో మందిని తనిఖీ చేశాడు. లోపలి అయస్కాంతం వేలిని మెల్లగా లాగుతున్నట్టుండేది. వేలు చాలా గట్టిగా మడుచుకునేవాడు.

సోనీకి గ్యాసు పీల్పించే రోజు వచ్చింది. లేజర్ రాత్రంతా వెలిగింది. పొద్దున మల్లన్న వేలికి గుడ్డ చుట్టుకుని, ఉల్లిగడ్డ కోస్తుంటే తెగిందని చెప్పాడు. సుచరిత ఒకసారి చూసి, జాగ్రత్త మల్లన్నా అంది, అంతే. ఊరందరినీ సోదా చేసే మనిషిని సోదా చేయాలని ఎవరికి తోస్తుంది? అతను మనసులో లెక్క వేసుకున్నాడు. చిటికెడు ఇనుము. ఆ వేలు దూరంగా ఎత్తి పట్టుకుంటే చాలు, మిగతా వేళ్ళతో మోసుకుపోవచ్చు. తప్పని తెలుసు, నూటికి నూరుపాళ్ళు తెలుసు. శనీశ్వరుడికీ సుచరిత మేడంకీ మధ్య ఇరుక్కున్న మనిషికి ఎవరో ఒకరికి అబద్ధం చెప్పక తప్పలేదు.

సగం దారిదాకా వేలు ఎత్తే ఉంది. వరండాలో అప్పుడే తడిగుడ్డ పెట్టారు. రబ్బరు చెప్పు జారింది. పడలేదు. పడకుండా ఉండటానికి రెండు చేతులూ వాటంతటవే బుడ్డిని గట్టిగా వాటేసుకున్నాయి, పది వేళ్ళూ. గుండెకు అదుముకుని, ఊపిరి తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు. బుడ్డి పగల్లేదని దేవుడికి దండం పెట్టుకుని మిగతా దారి నడిచాడు.

సోనీ గొట్టంలోంచి గ్యాసంతా పీల్చింది. బిగబట్టమన్నంతసేపూ బిగబట్టింది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా వదల్లేదు. యంత్రం టకటకమంది. తెర మీద ఏమీ రాలేదు. వెలుగు లేదు, మరక లేదు, ఒట్టి నలుపు. సుచరిత మీటలు నొక్కి నొక్కి చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వంశీధర్ గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

గాజు పాతబడిందని, లోపలి గోడే గ్యాసును పాడుచేసిందని సుచరిత తేల్చుకుంది. బుడ్డే చెడినప్పుడు మిగిలిన సగం కూడా దండగ చేయడం ఎందుకు, పుణెలో పనిచేసే తోటివాళ్ళకు సోమవారం పంపించేస్తానంది. మల్లన్న తలాడించాడు. ఉంగరం వేలు గుడ్డలో చెమటకు తడిసిపోయింది.

షేర్ ఆటోలో ఇంటికి పోతుంటే పేట్లబుర్జు దాటాక సోనీ అడిగింది.

“నేను మంచిగ పీల్చలేదా బాపూ? నాతోనే గట్లయిందా?”

మల్లన్న పిల్ల తల తన భుజానికి ఆనించుకున్నాడు.

ఆ సాయంత్రం నాగమణమ్మ రవికకు హుక్కులు కుడుతూ సూది పోగొట్టుకుంది. చాప దులిపింది, గడప దగ్గర వెతికింది. ఇంటికి రాగానే గుడ్డ విప్పేసిన చేతిని మల్లన్న అన్నం తినడానికి చాపితే సూది ఉంగరానికి నిలువునా అతుక్కుని ఉంది. ఆమె గబగబా వచ్చి ఆ చేతిని కళ్ళకద్దుకుంది. ఉంగరానికి శక్తి దిగిందయ్యా, ఇక పిల్లకు ఫికర్ లేదంది. మల్లన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. రోజూ ఆ తలుపు దగ్గర నిలబడి నిలబడి ఉంగరం తనే ఒక అయస్కాంతమైపోయింది. దాన్ని పట్టుకెళ్ళి బుడ్డి చుట్టూ బిగించాడు. వరసలు కట్టి నిలబడ్డ అణువులన్నీ తన చేతుల్లోనే చెల్లాచెదురయ్యాయి. కూతురు చివరిదాకా బిగబట్టి పీల్చింది ఒట్టి చచ్చిన గాలి.

ఆదివారం అతను ఇంట్లో ఉండలేకపోయాడు. శాలిబండ నుంచి చార్మినార్‌దాకా, అక్కడ్నుంచి మళ్ళీ వెనక్కి, ఎవరు పలకరించినా వినకుండా తిరిగాడు. నిజం చెబితే మేడంకు బుడ్డి మంచిదేనని తెలుస్తుంది, మిగిలిన సగం సోనీకి దక్కొచ్చు. కొలువు పోవచ్చు, పోతే పోనీ. కానీ ఉంగరం తీయాలి. ఒకసారి తీస్తే ఏమైందో కళ్ళారా చూశాడు. తీయకపోతే పిల్ల నాటకాలమారి కిందే మిగిలిపోతుంది, మందు లేకుండా, గోడకు ఆనుకుని రొప్పుతూ. తీస్తే పిల్లను పట్టుకెళ్ళి తనే శనికి అప్పజెప్పినట్టు. ఇందులో ఏ దారిలోనూ అతనికి పిల్ల మిగిలేలా కనపడలేదు. గడియారం స్తంభం కింద నిలబడి, అంతమంది జనంలో, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

సోమవారం సుచరిత సీసాను పెట్టెలో పెట్టి గడ్డి కూరుతుంటే పోయి ఎదురుగా నిలబడ్డాడు. వేలి గుడ్డ విప్పి చూపించాడు.

“బుడ్డిల తప్పు లేదు మేడం. అది మంచిగనే ఉన్నది. తప్పు నా ఏలికి ఉన్నది.”

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది. అరిచి ఉంటే మల్లన్నకు తేలికయ్యేది. అరవలేదు.

“నీకు తెలుసు కదా మల్లన్నా. పిన్నీసు కూడా వదలని మనిషివి. తెలిసే తొడుక్కున్నావా?”

“తెల్సే తొడుక్కున్న. తీస్తే పిల్ల పానం పోతదని భయపడ్డ. ఇప్పుడు సుత భయమైతనే ఉన్నది,” అన్నాడు. ఆగి, “నాకు నౌకరి ఒద్దు మేడం. ఆ సగం నా బిడ్డకియ్యుండ్రి,” అన్నాడు.

సుచరిత అతన్ని తిట్టదలచుకున్నదంతా మింగేసినట్టుంది. సగంతో బొమ్మ మసకగా వస్తుందని, రాకపోనూ వచ్చునని, ఇక ఆ తర్వాత చుక్క కూడా ఉండదని చెప్పింది. పెట్టెలోంచి గడ్డి తీసేయడం మొదలుపెట్టింది. ఉంగరం మటుకు అతనే తీయాలంది. వేలు వాచి ఉంది. కొళాయి దగ్గర సబ్బు రుద్ది రుద్ది లాగితే చర్మంతో సహా వచ్చింది. దాన్ని పారేయడానికి చెయ్యి రాలేదు. రుమాల్లో మూటగట్టి గేటు దగ్గర కావలి ఉండే అంజన్న చేతికిచ్చి, నాగమణికి చెప్పకు భాయ్ అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో పిల్ల దగ్గినప్పుడల్లా దుప్పటి కింద ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున బుడ్డిని అతని చేతికి ఇవ్వలేదు. సుచరితే మోసుకొచ్చింది. తన దారిలో ఇంకొకరు నడుస్తుంటే మల్లన్న పక్కకు ఒదిగి నిలబడ్డాడు. అన్నేళ్ళ కొలువులో అతనిదంటూ ఉన్నది ఆ నడకే, ఇక అది లేదని తెలిసింది. నాగమణమ్మ వరండా బల్ల మీద కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కుతోంది. మొగుడు చెంబు నీళ్ళు అందిస్తుంటే ఆమె కళ్ళు అతని వేలి మీద పడ్డాయి. పచ్చి పుండు తప్ప అక్కడ ఏమీ లేదు. ఆమె చెంబు అందుకోలేదు. “తీసినవా?” అని మాత్రం అడిగింది, చాలా నెమ్మదిగా. ఆ తర్వాత మొక్కడం కూడా మానేసి గోడవైపు తిరిగి కూర్చుంది.

లోపల సోనీ మళ్ళీ పీల్చింది. ఈసారి గ్యాసు తక్కువ, ఓపిక ఇంకా తక్కువ. టకటక ఆగింది. సుచరిత తెరవైపు వంగి అలాగే ఉండిపోయింది. మల్లన్న వెనక నుంచి చూశాడు. వెలుగు వచ్చింది. మసగ్గా, గుడ్డిదీపంలా, అయినా వచ్చింది. కానీ పత్తి విచ్చినట్టు లేదు. ఎలుకలు కొరికిన గుడ్డలా ఉంది. పైన కొంత తెలుపు, మధ్యలో చారలు, కింద రెండువైపులా గాలి అడుగే పెట్టని చీకటి. ఎన్నో ఊపిరితిత్తుల బొమ్మలు చూసిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

వంశీధర్‌ను పిలిచారు. అతను కూర్చోకుండానే చూడటం మొదలుపెట్టి, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి గడియారం చూసుకోలేదు. సన్న గాలిగొట్టాలు మూసుకుపోయాయని, అవి ఎక్స్‌రేకు దొరకవని చెప్పాడు. ఈ పిల్లను మనసు జబ్బని పంపించింది నేనేనని సుచరితతో అన్నాడు, తల ఎత్తకుండా. ఈ రోజు నుంచే మందు మొదలుపెడతానన్నాడు. తగ్గుతుందా సార్ అని నాగమణమ్మ తలుపు దగ్గర నుంచి అడిగింది. ఉన్నది నిలబెట్టుకోవడమే అమ్మా, పోయింది తిరిగి రాదు అన్నాడు. ఆమె తెర మీది నలుపును చూసింది, మొగుడి వేలిని చూసింది. నిన్న తీశాడు, ఈ రోజు పిల్ల లోపల చీకటి కనపడింది. ఆమెకు అంతకుమించి రుజువు అక్కర్లేదు. మల్లన్నకు కూడా లోపల ఎక్కడో అదే భయం.

సోనీ మంచం మీద లేచి కూర్చుంది. ఏది నలుపు, ఏది తెలుపు అని అడిగి తెలుసుకుంది. పోయింది తిరిగి రాదన్న మాట ఆమెకు వినపడిందో లేదో. ఆ చీకటిని చూస్తుంటే పిల్ల ముఖం తేటపడింది, ఇన్నాళ్ళూ నెత్తిన మోస్తున్న మూటేదో ఎవరో దించినట్టు. కన్నతండ్రి చూడకూడని సంతోషం అది.

అప్పుడు వంశీధర్ మొదటిసారి అడిగాడు, నువ్వు ఏం పనిచేస్తావమ్మా అని. లక్క, పొగ, రంగుపొడి, కిటికీ లేని గది, సోనీ అన్నీ చెప్పింది. అతను కళ్ళు మూసుకుని తెరిచాడు.

“ఆయాసం మొదలవగానే మానేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. మొదలయ్యాక కూడా వెళ్ళావా? ఎవరు పంపారు నిన్ను?”

మల్లన్నకు ఆ వానాకాలం పొద్దుటి పూటలన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి, తను పట్టుకుని లాగిన ఆ చెయ్యి, ఆగిన చోటల్లా తను విసుక్కున్న మాట. నేనే సార్ అని చెప్పడానికి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

“ఎవ్వరు పంపలేదు సార్,” అంది సోనీ. “నేనే పోయిన. బాపు వద్దనే అన్నడు.”

ఏడాదిగా ఇంట్లో, వాడకట్టులో, ఆసుపత్రిలో అబద్ధాలకోరని పేరుపడ్డ పిల్ల. ఆ పిల్ల నోట మల్లన్న విన్న మొదటి అబద్ధం అదే. వంశీధర్ నమ్మాడు. తలూపి, మందు చీటీ రాయడానికి కాగితం ముందుకు జరుపుకున్నాడు.